సమన్లు వచ్చాయని బెంగపడకు

ఒరేయ్,

నీ ఉత్తరం చదివినప్పట్నుంచీ ధ్యాసంతా నీ మీదే ఉంది. స్థలం హద్దు గురించి దావా పడిందని, సమన్లు అందాక ఇంట్లో ఎవరికీ అన్నం సహించట్లేదని రాశావు. ముందు ధైర్యంగా ఉండు. సమన్లంటే వారెంటు కాదురా. ఫలానా తేదీకి వచ్చి నీ మాట కూడా చెప్పుకోమని కోర్టు పిలుస్తోంది, అంతే. దావా వేసినాయన వాది, నువ్వు ప్రతివాదివి. ఇది సివిల్ దావా కాబట్టి నేరం, అరెస్టు, బెయిలు అన్న ఊసే లేదు.

సమన్లతో పాటు ప్లెయింటు, అంటే వాది కోర్టులో వేసిన దావా అర్జీ, నకలు వచ్చి ఉంటుంది. దాన్ని ఒకటికి రెండుసార్లు చదువు. నచ్చిన వకీలును చూసుకుని వకాల్తా, అంటే నీ తరఫున వాదించే అధికారం ఆయనకిచ్చే కాగితం, మీద సంతకం పెట్టు. అసలు పని ఆ తర్వాతే ఉంది. సమన్లు అందిన 30 రోజుల్లో నీ జవాబు, అదే రిటన్ స్టేట్‌మెంట్, దాఖలు చెయ్యాలి. కారణం చూపితే కోర్టు 90 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోకు. ప్లెయింటులో అబద్ధం అనిపించిన ప్రతి మాటనీ విడివిడిగా కాదనాలి. ఊరికే వదిలేసినదాన్ని నువ్వు ఒప్పుకున్నట్టే తీసుకునే వీలుంది. అందుకే వకీలు రాసినదాన్ని చదవకుండా సంతకం పెట్టొద్దని మరీమరీ చెబుతున్నా.

నాకు భయమల్లా ఎక్స్‌పార్టీ, అంటే నువ్వు లేకుండానే కేసు నడిచిపోవడం, గురించే. 'వెళ్లకపోతే ఏమవుతుందిలే' అని నీకెవరో సలహా ఇచ్చారటగా, ఆ మాట చెవిన పెట్టకు. నువ్వు హాజరు కాకపోతే వాది చెప్పిందే విని కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇచ్చేయొచ్చు. దాన్ని కొట్టేయించుకోవాలంటే మామూలుగా 30 రోజుల్లోపే పిటిషన్ వేసి, ఎందుకు రాలేకపోయావో సరైన కారణం చూపాలి. ఆ తిప్పలు నీకెందుకు?

దావాతో పాటు ఇంజంక్షన్ (ఫలానా పని చెయ్యొద్దని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) కోసం ఐఏ, అంటే దావా నడుస్తుండగా వేసే మధ్యంతర అర్జీ, కూడా వేశారేమో చూడు. వేసి ఉంటే దానికి కౌంటర్, అంటే జవాబు, వేరేగా వెయ్యాలి. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), సాక్ష్యం, క్రాసు (సాక్షిని ఎదుటి పక్షం ప్రశ్నించడం), వాదనలు అన్నీ తర్వాతి సంగతులు, ఇప్పట్నుంచే బుర్ర పాడుచేసుకోకు. తీర్పు నీకు వ్యతిరేకంగా వచ్చినా అప్పీలు ఉంటుంది. మధ్యలో ఇద్దరికీ రాజీ కుదిరితే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కాకపోతే అక్కడి అవార్డు, అంటే రాజీ తీర్పు, మీద అప్పీలు ఉండదు, ఒప్పుకునే ముందు బాగా ఆలోచించుకో.

సమన్లు నీ చేతికి ఏ రోజు అందాయో రాయలేదు. వెంటనే రాయి, ప్లెయింటు నకలు కూడా పంపు. మొదటి వాయిదాకు నీతో నేనూ వస్తాను.

నీ
మిత్రుడు