మా పాపను మూడో తరగతిలోనే కూర్చోబెట్టిన బడికి

అందరికీ నమస్కారం. ఇంత పెద్ద పోస్టు నేనెప్పుడూ రాసింది లేదు. నెల రోజులుగా రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నా, అత్తకి మందులు, పాపకి జడలు, మధ్యలో మిషను పని, వీటితోనే పొద్దు పోతోంది. ఈ రోజు అత్త తొందరగా నిద్రపోయింది కాబట్టి కూర్చున్నా. కొంత ఫోన్‌కి నోటితో చెప్పి, కొంత టైపు కొట్టి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. మా ఆయన లారీ డ్రైవరు. పెళ్ళయిన కొత్తలోనే తమిళనాడులో ఉన్న ఆంబూరు పోయాం, అక్కడ షూ ఫ్యాక్టరీలో పైతోలు కుట్టే మిషను మీద తొమ్మిదేళ్ళు పనిచేశా. పాప అక్కడే పుట్టింది, అక్కడి గవర్నమెంటు బడిలోనే ఒకటీ రెండూ చదివింది, తమిళంలో. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే గానీ దానికి తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. నేర్పించాలని మాకూ తట్టలేదు, దాచుకోవడం ఎందుకు. 2025 ఏప్రిల్‌లో అత్తకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. చూసుకోడానికి వేరే ఎవరూ లేరు, మే నెలలో సామాను లారీలో వేసుకుని వచ్చేశాం.

ముందు ఒక ప్రైవేటు స్కూలుకి వెళ్ళాం, పేరెందుకులెండి. అక్కడి మేడమ్ పాప చేతికి తెలుగు వాచకం ఇచ్చి చదవమంది. పాప బొమ్మలు చూస్తూ నిలబడింది. "పిల్లకి ఏమీ రాదు, మళ్ళీ ఒకటో తరగతి నుంచి రావాలి, ట్యూషన్ ఫీజు అదనం" అని దాని ముందరే అనేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల, తమిళ పుస్తకం గడగడా చదివే పిల్ల. ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు, రాత్రి అన్నం తింటూ "అమ్మా, నేను ఫెయిలా?" అంది. నాకు ముద్ద దిగలేదు. అత్తని కూడా తీసుకుని మళ్ళీ ఆంబూరు పోదామా అని మా ఆయనా నేనూ తెల్లారిందాకా మాట్లాడుకున్నాం.

అందుకే మొదటి కృతజ్ఞతలు మా వీధి చివర ఆటో అన్నకి. అత్తని ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు నా మాటలు విని, "మా పిలకాయలు ఇద్దరూ గవర్నమెంటు బళ్ళోనే చదివినారు చెల్లెమ్మా, ఒక్కసారి ఆ సారుని అడిగి చూడు, ఆయన పంపించేసే మనిషి కాదు" అన్నాడు. జూన్ 12న బళ్ళు తెరిచిన రోజు తనే వచ్చి ఎక్కించుకున్నాడు. రోడ్డంతా తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు, జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉన్నాయి, సందులూ గొందులూ తిప్పి బెల్లు కొట్టేలోపు దించాడు. డబ్బులిస్తే "పాప పాసైనప్పుడు ఇద్దువులే" అన్నాడు. అన్నా, లెక్క రాసి పెట్టుకో.

హెడ్‌మాస్టరు సారు పేరు రాద్దామనుకున్నా గానీ ఆయనే వద్దన్నారు. మా దగ్గర పాప ఆధారూ, పుట్టిన సర్టిఫికెట్టూ తప్ప ఏమీ లేవు. ఆంబూరు బడికి సెలవులున్నప్పుడు వచ్చేశాం, టీసీ తీసుకోలేదు. ఆ మాట చెప్పేటప్పటికే నా గొంతు సన్నగిల్లిపోయింది. ఆయన నింపాదిగా, "2009లో వచ్చిన విద్యా హక్కు చట్టంలో ఐదో సెక్షన్‌లో ఉందమ్మా, పిల్ల వేరే రాష్ట్రం నుంచి మారినా టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు, టీసీ మెల్లగా తెచ్చుకోండి, పిల్లని మాత్రం ఈ రోజే కూర్చోబెడదాం" అన్నారు. ఏ తరగతిలో సార్ అని భయం భయంగా అడిగా. "రెండు పాసైన పిల్ల మూడులో కాక ఇంకెక్కడ కూర్చుంటుంది?" అన్నారు. ఆ మాటకి పాప నా చెయ్యి వదిలేసింది. అంతవరకూ ఎంత గట్టిగా పట్టుకుని ఉందో అప్పుడు తెలిసింది నాకు.

తర్వాత ఆన్‌లైన్ గొడవ ఒకటి. బడి పిల్లల వివరాలన్నీ ఉండే సర్కారు ఆన్‌లైన్ లెక్క యూడైస్‌లో అక్కడి బడివాళ్ళు పాప పేరు వదిలితేగానీ ఇక్కడ ఎక్కదట. మా ఆయన వేలూరు లోడు దొరికిన రోజు ఆంబూరు దాకా పోయి టీసీ తెచ్చాడు, మిగతాది సారే అక్కడి టీచర్లతో ఫోన్‌లో మాట్లాడుకుని సరిచేశారు. సారుకి తమిళం అంతంత మాత్రం, వాళ్ళకి తెలుగు రాదు. ఆ ఫోన్ మాటలు విన్నవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటున్నారు.

ఇక మూడో తరగతి టీచరమ్మ. ఈమె గురించే అసలు ఈ పోస్టు. ఆమెది తమిళనాడు సరిహద్దులో గుడిపాల వైపు, తమిళం బాగా వచ్చు. మొదటి రోజే పాప దగ్గర కూర్చుని తన ఫోన్‌లో ఏదో తమిళ కథ తీసి చదివించుకుంది. పాప గబగబా చదివేసింది. అప్పుడు నా వైపు చూసి "దీనికి చదువొచ్చమ్మా, అక్షరాలే మార్చుకోవాల" అంది. ఈ ముక్క కోసం నేను నెల రోజులుగా ఎదురుచూశానని ఆమెకి తెలీదు.

తమిళంలో క అన్నా గ అన్నా రాసేది ఒకటే అక్షరం. ప, బ కూడా అంతే, ట, డ కూడా అంతే. మనకి వేరే వేరే, పైగా ఖ, ఘ లాంటి ఒత్తు అక్షరాలు కూడా. దాంతో మా పాప మొదటి వారం రాసిన తెలుగు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గాలి అని రాయమంటే కాలి. 'మా బడి' అని రాయమంటే 'మా పటి'. వాళ్ళకి కింద ఒత్తులుండవు, పైన చుక్క పెట్టి పక్కన ఇంకో అక్షరం రాస్తారు, అందుకని నన్నే 'అమ్‌మ' అని విడదీసి రాసింది. ఎత్వం ఏత్వం గుర్తులు తమిళంలో అక్షరానికి ముందు వస్తాయి కదా, ఇక్కడ కూడా ముందే ఒక కొక్కెం గీసి తర్వాత క రాసేది. ఇంకో టీచరైతే పేజీ అంతా ఎర్రపెన్ను గీతలే. ఈమె ఒక్కటి కూడా కొట్టెయ్యలేదు. పాప చెయ్యి తీసి పాప గొంతు మీదే పెట్టించి "క అను, ఇప్పుడు గ అను, గ అన్నప్పుడు లోపల జుమ్మంటుందా లేదా?" అని అడిగింది. జుమ్మంటే ఈ అక్షరం, అనకపోతే ఆ అక్షరం. ప, బకీ అంతే. ఖ, ఘలకి నోటి ముందు కాగితం ముక్క పట్టుకోమంది, ముక్క ఎగిరితే ఒత్తు. ఆ రాత్రి ఇంట్లో అందరం గొంతులు పట్టుకుని క, గ అనుకుంటూ కూర్చున్నాం. మాట సరిగ్గా రాని మా అత్త కూడా ఎడమ చేత్తో గొంతు పట్టుకుని గ, గ అంది. ఆమె నోట్లోంచి అక్షరం అంత స్పష్టంగా వచ్చి ఎన్నాళ్ళయిందో.

ఇంకోటి, మన గవర్నమెంటు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది కదా. పాపకి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. లెక్కలకీ, పరిసరాల విజ్ఞానానికీ టీచరమ్మ ముందు ఇంగ్లీషు పక్క చదివించి, అదే మాట తెలుగు పక్క వేలు పెట్టి వెతకమంటుంది. ఇలా వెతుక్కుంటూనే సగం గుణింతం వచ్చేసింది దానికి. ఆ పుస్తకాల మీద ఎన్ని తగాదాలున్నాయో నాకెందుకు, నా కూతురికి మాత్రం పనికొచ్చాయి.

పక్కన కూర్చునే పిల్లకి ప్రత్యేకం. మా పాప ఏమడిగినా అవును అనడానికి 'ఆమా' అంటుంది, అలవాటు. రెండో రోజుకే క్లాసంతా దాన్ని 'ఆమా ఆమా' అని పిలవడం మొదలుపెట్టారు. ఇది ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. ఈ పిల్ల ఏం చేసిందో తెలుసా, మర్నాడు హాజరు పిలిచినప్పుడు తను కూడా "ఆమా టీచర్" అంది. వెనకాల ఇంకో ఇద్దరు అన్నారు. వారం తిరిగేసరికి మూడో తరగతి మొత్తం ఆమా అనడమే, టీచరమ్మే మొత్తుకుంది ఆపండ్రా అని. ఆ పిల్ల వాళ్ళమ్మ కూలికి పోయే మనిషి, ఆమెకి ఈ పోస్టు చదివి వినిపిస్తానని మాటిచ్చా.

వంట అక్కకి కూడా. తమిళనాడు గవర్నమెంటు బళ్ళలో 2022 నుంచి పొద్దున పూట టిఫిన్ కూడా పెడుతున్నారు, ఉప్మా, పొంగల్ లాంటివి. ఇక్కడ కూడా ఉంటుందనుకుని మా పాప మొదటి రోజు ఏమీ తినకుండా పోయింది, మాకు చెప్పనైనా చెప్పలేదు. తొమ్మిదిన్నరకి వంటగది గుమ్మం దగ్గర నిలబడితే అక్క విషయం అడిగి తెలుసుకుని, తన కోసం తెచ్చుకున్న సంగటి ముద్దలో సగం, ఊరిబిండి పచ్చడి వేసి పెట్టింది. గుడ్డు రోజుల్లో ఇప్పటికీ దీని గుడ్డు ఆమే పొట్టు తీసిస్తుందట. ఇంట్లో నేను తీసిస్తే మాత్రం వద్దంటుంది మహాతల్లి.

బడి పిల్లలకి గవర్నమెంటు ఇచ్చే విద్యార్థి మిత్ర కిట్లు ముందే లెక్క ప్రకారం వచ్చాయి, లెక్క అయ్యాక చేరిన మా పాపకి లేదు. సారు ఇంకో బడిలో మిగిలిన బ్యాగూ బెల్టూ అడిగి తెచ్చారు, బూట్లు ఒక సైజు పెద్దవి, ముందర దూది కుక్కి వేస్తున్నాం. యూనిఫాం బట్ట కూడా అలాగే దొరికింది. నేనే కుట్టా. అది చూసి టీచరమ్మ "తొమ్మిదేళ్ళ చెయ్యి కదా, కుట్టు ఎంత నీటుగా ఉందో" అంది. అప్పటి నుంచే నాకు ఒక ఆలోచన, చివర్లో చెప్తా.

జూలై 10న అన్ని బళ్ళలో పేరెంట్ టీచర్ మీటింగు జరిగింది కదా, ఆ రోజు పాప లేచి తెలుగు పాఠంలో ఐదు లైన్లు చదివింది. ఒక చోట ఆగి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకుని, మళ్ళీ చదివింది. ఎందుకలా చేసిందో అక్కడ టీచరమ్మకీ నాకూ తప్ప ఎవరికీ అర్థం కాలేదు. నేను చున్నీతో కళ్ళు తుడుచుకుంటుంటే సారు కిటికీ వైపు తిరిగి ఫ్యాన్ రెగ్యులేటర్ చూస్తున్నట్టు నటించారు.

సారూ, టీచరమ్మా, ఆటో అన్నా, వంట అక్కా, నా కూతురి స్నేహితురాలా, మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా.

ఆ బడి పిల్లల్లో ఇంకా యూనిఫాం బట్ట బీరువాలోనే మడత పెట్టుకుని ఉన్నవాళ్ళు ఆదివారంలోపు మా ఇంటికి తెచ్చివ్వండి, కుట్టుకూలి వద్దు. దారమూ గుండీలూ నావే. కొలతకి పిల్లల్ని కూడా తీసుకురండి, పోయినేడు చొక్కా తెచ్చి ఇదే కొలత అంటే మాత్రం దసరాకల్లా పొట్టిదైపోతుంది, తర్వాత నన్ను అనొద్దు.