ఈ వారం ఆల్బమ్: ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ తొలి రికార్డు

అందరికీ నమస్కారం. ఆదివారం లోపు ఈ ఆల్బమ్ వినేసి రండి. 1969 నవంబర్‌లో వచ్చింది, అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, మేకన్‌లో ఉండే ఈ రాక్ బ్యాండ్‌లోని ఆరుగురూ న్యూయార్క్ వెళ్లి రికార్డు చేశారు. డ్యూయేన్ ఆల్మన్, డికీ బెట్స్ గిటార్లు. డ్రమ్మర్లు కూడా ఇద్దరు.

చివరి పాట ‘విప్పింగ్ పోస్ట్’ మాత్రం అస్సలు వదలొద్దు. మొదట్లో బేస్ గిటార్ 11 దెబ్బల లెక్కలో తిరుగుతుంది. చేత్తో తాళం వేస్తూ వినండి, గ్రెగ్ ఆల్మన్ పాట అందుకోగానే లెక్క మారడం మీకే తెలుస్తుంది. ఆ గొంతులోని బాధ వింటే, రికార్డింగ్ నాటికి అతనికి 21 ఏళ్లేనంటే నమ్మబుద్ధి కాదు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ సరిగా వినపడదు.