వార్షిక కార్యకలాపాల నివేదిక: శిలీంధ్ర తెగుళ్లకు మొక్కల మందులు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ సమయం పెట్టింది ఒక్క పని మీదే. మొక్కల నుంచి తీసిన మందులు శిలీంధ్ర తెగుళ్లను ఎంతవరకు ఆపగలవో మన మడుల్లోనే చూశాం. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం.

వెల్లుల్లితో మొదలుపెట్టాం. మొదటి విడత పనిచేయలేదు, తప్పు మాదే. రెబ్బలను నలగ్గొట్టకుండా నీళ్లలో వేసి మరిగించాం. శిలీంధ్రాన్ని అణిచే అల్లిసిన్ రెబ్బలో ముందే తయారై ఉండదు. రెబ్బ నలిగినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైమ్ రెబ్బలోనే ఉండే అల్లిన్ అనే పదార్థంతో కలిస్తేనే అది పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పాడైపోతుంది. తర్వాత పచ్చిగానే దంచి, కాసేపు ఉంచి, చన్నీళ్లలో కలిపి వడకట్టి అదే రోజు పిచికారీ చేశాం. అల్లిసిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి నిలవ పెట్టలేదు.

వేపనూనె బూడిద తెగులు మీద బాగా పనిచేసింది. ఈ శిలీంధ్రం చాలావరకు ఆకు పైపైనే పాకుతుంది కాబట్టి మందు దానికి నేరుగా తగులుతుంది. ఎండు తెగులు అలా కాదు, వేరు నుంచి ఎక్కి కాండంలో నీరు పోయే నాళాల్లో కూర్చుంటుంది. ఆకు మీద ఏం కొట్టినా దానికి చేరదు. ఎండు తెగులుకు ఈ మందులు వాడి ఆశ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

వాము నూనెలో థైమాల్, లవంగ నూనెలో యూజెనాల్ ఉంటాయి. ఇవి శిలీంధ్ర కణాల పొరను చీల్చేస్తాయి. మోతాదు మించితే ఆకునూ వదలవు. ఒక మడిలో చిక్కుడు ఆకుల అంచులు మాడిపోయాయి, ఆ సభ్యురాలు పడిన బాధ మేమంతా చూశాం. సహజమైనది కాబట్టి హాని చేయదనుకోవడం పొరపాటు. ముందు రెండు మూడు ఆకుల మీద కొట్టి, రెండు రోజులు ఆగి చూడండి. గంధకం చల్లిన మడిలో వెంటనే నూనె మందు కొట్టవద్దు. కొట్టే రోజు కూడా ఎండ తగ్గాకే కొట్టండి.

మొక్క తనకు తానే చేసుకునే రక్షణ గురించి ఒక తరగతి పెట్టాం. తెగులు సోకినప్పుడు దాన్ని అణచడానికి మొక్క తయారుచేసే పదార్థాలకు 1940లో ముల్లర్, బోర్గర్ అనే శాస్త్రవేత్తలు ఫైటోఅలెక్సిన్లు అని పేరు పెట్టారు. వాటిలో ఒకటైన, బఠానీలో దొరికే పిసాటిన్‌ను 1960లో వేరుచేశారు. ఆ రోజు ప్రశ్నలు ఆగలేదు, అందుకే మరో తరగతి పెడతాం.

ఈసారి ఒక లోపం మిగిలింది. మందు కొట్టని వరుసను పోల్చి చూడటానికి ఎక్కడా వదల్లేదు. వచ్చే ఏడాది ప్రతి మడిలో ఒక వరుస వదులుదాం. మడి ఇవ్వదలచినవారు విత్తనం వేసేలోపు కార్యదర్శికి చెప్పండి.