మన తిరుపతి బ్యాండు ఆల్బమ్ గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాసినారు, ఇప్పటి పిల్లకాయలకి డీజే మోత తప్ప సంగీతం అక్కర్లేదు అని. ఆయన బాధ నాకు అర్థమైంది, వినాయక చవితి ఊరేగింపు మా వీధిలోకి వచ్చినప్పుడు కిటికీ అద్దాలు అదురుతుంటే నాకూ అట్లే ఉంటుంది. కానీ ఇదే ఊర్లో పగలంతా ఉద్యోగాలు చేసుకుని, రాత్రిళ్ళు కూర్చుని సొంతంగా పాటలు రాసి, ట్యూన్లు కట్టి, చేతి డబ్బు పెట్టి రికార్డు చేసుకున్న పిల్లకాయలు కూడా ఉండారు సార్. వాళ్ళ గురించి మీ పేపర్లో ఒక్క లైను కూడా రాలేదు, ఇంక ఆ పెద్దాయనకి ఎట్లా తెలుస్తుంది?

ముందే చెప్పేస్తా, ఆ బ్యాండులో పాడేవాడు నా ఫ్రెండు, ఇంటర్ నుంచి కలిసి తిరిగినోళ్ళం. ఫ్రెండు కోసం పేపర్లో ఫ్రీగా అడ్వర్టైజ్‌మెంట్ వేయించుకుంటున్నాడు అని ఎవరూ అనకూడదని బ్యాండు పేరు, వాళ్ళ ఫోన్ నంబరు ఇంకో కాగితంలో రాసి లోపల పెట్టినా, పేరు వేయాలా వద్దా అనేది మీ ఇష్టం. నేను రాసేది పాటల గురించి.

మొత్తం నలుగురు. బేస్ గిటార్ వాయించే అతను శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీ, నైట్ షిఫ్టు పడిన వారం ప్రాక్టీసు ఉండదు. మొదట్లో బైరాగిపట్టెడలో మా వాడి ఇంటి మిద్దె మీద రూములో వాయించుకునేవాళ్ళు, పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలు ఉండారని వీళ్ళే మానుకుని చంద్రగిరి పక్కన ఒక మామిడి తోటలో షెడ్డుకి మారినారు. అక్కడ కూడా రాత్రి 10 కొట్టేలోపు ఆంప్లిఫయర్లు ఆపేస్తారు, 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు అని 2000 సంవత్సరం నుంచే రూల్ ఉంది కదా, డీజేల వాళ్ళకి గుర్తులేకపోయినా వీళ్ళకి గుర్తుంది.

ఆల్బమ్‌లో ఆరు పాటలు. మీరు వింటే మాత్రం మూడో పాట ముందు వినండి. అందులో గిటార్ కంటే ముందు పలక, అంటే పుల్లలతో కొట్టే తోలు డప్పు మోగుతుంది, మన గంగమ్మ జాతరలో తాతయ్యగుంట దగ్గర వేషాల వెంట మోగుతుందే ఆ పలకే. ఈ డ్రమ్మరు పలక కొట్టే ఒక పెద్దాయన దగ్గరికి పోయి, కుడి చేతిలో లావు పుల్ల, ఎడమ చేతిలో సన్న పుల్ల పట్టుకుని మొదటి నుంచి నేర్చుకున్నాడు, కంప్యూటర్‌లో ముందే రికార్డు చేసి పెట్టిన మోతలు, శాంపిల్స్ దొరుకుతాయి కదా అంటే ఒప్పుకోలేదు. చెన్నై స్టూడియోలో రికార్డింగ్ అప్పుడు నేను కూడా పోయినా. గాలిలో తేమకి తోలు మెత్తబడి పలక మోత దిగిపోతుంది, వేడి తగిలితేనే మళ్ళీ బిగుస్తుంది. స్టూడియోలో మంట పెట్టనిస్తారా? అందుకని ప్రతి టేకుకి ముందు మెట్లు దిగి కింద పార్కింగ్ పక్కన పాత పేపర్లు అంటించి, పలకని ఆ సెగకి తిప్పి తిప్పి కాచి, వేలితో కొట్టి చెవి పెట్టి విని, మళ్ళీ పైకి ఉరికేవాడు, పైన ఇంజనీరు మైకు ఆన్ చేసి రెడీగా కూర్చునేవాడు. ఆ పాటలో ఫస్టు పది సెకన్లు వినిపించే ఆ ఖణేల్ మనే మోత అట్లా వచ్చింది సార్. దాని మీదికి గరగరమని మోగే డిస్టార్షన్ గిటార్ వచ్చి పడినప్పుడు, ఇది బయట దేశం నుంచి తెచ్చిపెట్టుకున్న గోల అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మన జాతరలో ఉన్నంత చప్పుడు ఏ రాక్ షోలో ఉంటుంది?

ఐదో పాట మామిడి రైతుల మీద. మా వాడి నాన్నకి పూతలపట్టు దగ్గర తోతాపురి తోట ఉంది. 2025 సీజన్లో కేజీకి 12 రూపాయలు అన్నారు, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాల, 4 గవర్నమెంటు ఇస్తుంది అన్నారు, కానీ ఆ 8 కూడా చేతికి రాక, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్ల లైన్లో వాళ్ళ నాన్న రాత్రంతా పడుకున్నాడు, కాయ మాగిపోతా ఉంది, వెనక్కి తోలుకుపోదామంటే డీజిల్ ఖర్చు కూడా రాదు. మా వాడు టిఫిన్ క్యారియర్ తీసుకుని పోయి ఆ లైన్లోనే నాన్న పక్కన కూర్చుని ఫోన్లో ఈ పాట రాసుకున్నాడు. పాటలో ఏడుపు లేదు, తిట్లు లేవు, లైను ఎంత కదిలింది, ముందు బండి వాడు ఏం మాట్లాడినాడు, అంతే, మన చిత్తూరు యాసలోనే. సినిమాల్లో మన యాస వస్తే కత్తులు, సుమోలు, లేదంటే కామెడీ. ఇట్లా ఒక రైతు గేటు దగ్గర వెయిట్ చేసేది మన మాటల్లో పాటగా నేనైతే ఎప్పుడూ వినలేదు.

అన్నీ గొప్పగా ఉన్నాయని అనను. ఇంగ్లీషులో పాడిన ఆరో పాట నాకు నచ్చలేదు, వాడి గొంతులో ఆ మాటలు అతకలేదు. రెండో పాటలో మిక్సింగ్ బాలేదు, గిటార్లు పైకి వచ్చేసి గొంతు కింద పడిపోయింది, హెడ్‌ఫోన్స్ లేకుండా వింటే సగం మాటలు తెలియవు. ఈ రెండు సంగతులు వాడికి కూడా చెప్పినా.

ఇంక వీళ్ళు యాడ వాయించాల? మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం దేవస్థానం వాళ్ళవి, అక్కడ భక్తి సంగీతం, కచేరీలు జరగడమే న్యాయం, వాటిని అడగట్లేదు. కాలేజీ ఫెస్టులకి పిలుస్తారు, కానీ స్టేజీ ఎక్కే ముందు సొంత పాటలు వద్దు, హిట్టు సినిమా పాటలు కొట్టండి అంటారు. ఒక కాలేజీలో అయితే ఐదో పాట మొదలుపెట్టగానే మైకు కట్ చేసినారు. ఆన్‌లైన్లో పెడితే అదే పాపులర్ అవుతుంది కదా అని అందరూ ఈజీగా అంటారు, కానీ పాటలు వినే యాప్ స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటని ఏడాదిలో కనీసం 1000 సార్లు వినకపోతే ఆ పాటకి ఒక్క పైసా కూడా రాదు. పెద్ద కంపెనీలకి వెయ్యి లెక్కలోకి కూడా రాదు, కానీ పేరు తెలియని బ్యాండుకి ప్రతి పాటకి వెయ్యి అంటే చాలా దూరం సార్.

ఇక్కడే పేపర్ల పని ఉంది. కేరళలో తైక్కుడం బ్రిడ్జ్ అని ఒక బ్యాండు 2013లో మొదలైంది, వాళ్ళు జనానికి తెలిసింది కప్పా టీవీలో మ్యూజిక్ మోజో ప్రోగ్రాం వల్ల. ఆ ఛానల్ ఎవరిది అనుకున్నారు, మాతృభూమి పేపరు వాళ్ళది. ఒక వార్తా సంస్థ తలుచుకుని బ్యాండులకి కెమెరా పెట్టింది, మలయాళంలో సినిమాకి బయట కూడా పాట బతుకుతుంది అని అక్కడి జనం చూసినారు. మనకి ఇంకా పాట అంటే సినిమా పాటే. ఒక సినిమా పాట రిలీజ్ అయితే మీ సినిమా పేజీలో హీరో ఫోటోతో సహా పావు పేజీ వేస్తారు, అది వేయొద్దు అనను, నేనూ చదువుతా. కానీ తిరుపతి జిల్లా పేజీలో నెలకి ఒకసారి ఇక్కడ పాట కట్టేవాళ్ళ గురించి ఒక చిన్న కాలమ్ పెట్టండి. మా వాళ్ళ గురించే రాయమనట్లేదు, నాయుడుపేటలో ర్యాప్ పాడే పిల్లోడు ఉండొచ్చు, శ్రీకాళహస్తిలో వయోలిన్‌తో కొత్తగా ఏదో చేస్తున్న పాప ఉండొచ్చు, మీ విలేకరులు అడిగితే ఒక్కొక్కరే బయటికి వస్తారు. బాగుంటే బాగుందని, బాలేకపోతే బాలేదని రాయండి, ఏదీ రాయకపోవడం కంటే అదే మేలు.

పెన్‌డ్రైవ్‌లో ఆరు పాటలూ పెట్టి పంపిస్తున్నా, మాటలు కూడా ప్రింట్ తీసి పెట్టినా. బేస్ గిటార్ అతనికి నైట్ షిఫ్టు లేని వారాల్లో ఆదివారం సాయంత్రం ఆరు నుంచి చంద్రగిరి షెడ్డులో ప్రాక్టీసు ఉంటుంది, మీ విలేకరి ఎవరైనా వస్తానంటే ఆ కాగితంలో నంబరుకి ఒక ఫోన్ కొడితే చాలు, తోట దారి రాత్రిపూట కనుక్కోవడం కష్టం కాబట్టి నేనే హైవే దాకా వచ్చి తీసుకుపోతా.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి