డెకాల్స్ నీళ్ళలో ముంచే ముందు ఇది చదవండి

అందరికీ నమస్తే, మెక్‌లారెన్ ఎంపీ4/4 ఫార్ములా వన్ కారు స్కేల్ మోడల్ కిట్ కడుతున్నవాళ్ళ ఫొటోలు చూశా, బాడీ పెయింట్ అదిరింది కానీ డెకాల్స్‌కి (నీళ్ళలో ముంచి బాడీ మీదకి జార్చి అంటించే పలచటి బొమ్మలు, లోగోలు) తొందరపడకండి. 1988లో 16 రేసుల్లో 15 గెలిచిన బండి, ఎరుపు-తెలుపు అంచు కాస్త వంకరపోయినా చూసినోడు ఇట్టే పట్టేస్తాడు.

ముందు గ్లాసీ క్లియర్ కోట్ (మెరిసే పారదర్శక పూత) పడాల్సిందే, మ్యాట్ పెయింట్ గరుగ్గా ఉంటుంది కదా, ఆ సందుల్లో గాలి ఇరుక్కుని ఎండాక డెకాల్ కింద వెండిలా మెరుస్తుంది, తర్వాత సూదితో పొడిచి సాఫ్ట్‌నర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) పూసినా పూర్తిగా పోతుందని గ్యారంటీ లేదు. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ముంచి తీసి పక్కన పెట్టండి, కాగితం మీద దానంతటదే జారేదాకా లాగొద్దు. ముక్కు దగ్గర, సైడ్‌పాడ్ (కారు పక్కల ఉబ్బెత్తు భాగం) వంపుల దగ్గర సాఫ్ట్‌నర్ పూయగానే అప్పడంలా ముడతలు పడి గుండె ఆగినంత పనవుతుంది, అప్పుడు వేలు పెట్టారో చిరిగిందే! వదిలేయండి, ఎండేకొద్దీ అదే బిగుసుకుని బాడీ మీది సన్నటి ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది.

డెకాల్స్ పైన లాకర్ క్లియర్ (ఘాటు సాల్వెంట్ ఉండే పారదర్శక పూత) కొట్టేవాళ్ళు మొదట దుమ్ములా పలచగా రెండుమూడు సార్లు కొట్టండి, ఒకేసారి తడిగా కొడితే డెకాల్ కరిగిపోయే ఛాన్స్ ఉంది.

ఇంకోటి, చాలా కిట్లలో సిగరెట్ బ్రాండ్ల లోగోలు ఇవ్వరు, అవి వేరే షీట్ కొనుక్కోవాలి, పెయింట్ మొదలెట్టకముందే తెప్పించుకుంటే ఎరుపు షేడ్ దాంతో కలిపి చూసుకోవచ్చు. పాత షీట్ పసుపెక్కితే కిటికీ అద్దానికి లోపలివైపు అంటించి ఎండ తగలనివ్వండి, చాలావరకు తెల్లబడుతుంది.