ఇరవై మార్కులు తీసేయొద్దు, లెక్క అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెప్తాను. పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఉంచాలా, తీసేయాలా అన్న గొడవ సద్దుమణిగిందనుకున్నప్పుడల్లా మళ్లీ లేస్తోంది. ప్రతి సబ్జెక్టుకు పబ్లిక్ పరీక్ష 80 మార్కులకు ఉంటుంది, మిగతా 20 ప్రాజెక్టులు, చిన్న పరీక్షలు చూసి బడిలోనే వేస్తాం. అవే ఇంటర్నల్స్. ఆ ఇరవై మార్కులు వేసే వాళ్లలో ఒకరిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

2024 నవంబరు 28న తెలంగాణ ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంటర్నల్స్ లేవు, గ్రేడ్లు లేవు, ఇక పేపరు వంద మార్కులకే అన్నారు. అప్పటికి ఎఫ్ఏ-1, ఎఫ్ఏ-2 (ఇంటర్నల్స్ కోసం బడి పెట్టే ఇరవై మార్కుల మదింపులు) అయిపోయాయి. అర్ధ సంవత్సర పరీక్ష ఎస్ఏ-1 కూడా 80 మార్కుల పేపరుతో రాయించేశాం. తెల్లారేసరికి మాట మారింది. ఈ ఏడాదికి 80-20 ఉంటుంది, వంద మార్కుల పద్ధతి వచ్చే ఏడాది నుంచి అన్నారు. ఆ వచ్చే ఏడాది రానే వచ్చింది. బడులు తెరిచి రెండు నెలలయ్యాక, 2025 ఆగస్టులో, మళ్లీ 80-20 అనే తేల్చారు. ఈలోపు మా స్టాఫ్‌రూమ్‌లో పొద్దున లేస్తే ఇదే చర్చ. పిల్లలకు మోడల్ పేపరు ఎన్ని మార్కులకు ఇవ్వాలో మాకే తెలియదు. గైడ్లు అచ్చేసే వాళ్లకైనా తెలుసేమో కనుక్కుందామని మా లెక్కల సారు ఎగతాళి చేసేవారు.

ఇంటర్నల్స్ తీసేయాలనే వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. చాలాచోట్ల ఇరవైకి ఇరవై పడిపోతున్న మాట నిజమే. మా కాలనీలో ఒకబ్బాయి పేరున్న ప్రైవేటు బడిలో చదివాడు. ఏడాది మొత్తంలో ఒక్క ప్రాజెక్టు చేయలేదని వాడే నవ్వుకుంటూ చెప్పాడు. అన్ని సబ్జెక్టుల్లోనూ ఇరవై వచ్చాయట. చేసిన ప్రాజెక్టులైనా ఎలా ఉంటున్నాయి? స్టేషనరీ షాపులో చార్టు కొని, నెట్‌లో దొరికింది ప్రింట్ తీసి అంటించడమే.

దీనికి పెద్ద సాక్ష్యం కరోనా ఏళ్లే. 2021లో పబ్లిక్ పరీక్షలు రద్దయ్యాయి. బడులు వేసిన ఎఫ్ఏ-1 మార్కులనే ఐదింతలు చేసి గ్రేడ్లు ఇచ్చారు. రాష్ట్రంలో 5 లక్షల 20 వేల మంది పిల్లలుంటే, అందులో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది జీపీఏ (గ్రేడ్ల సగటు)! పరీక్ష రాసిన 2023లో ఆ పదికి పది వచ్చింది 6 వేల పైచిలుకు మందికే. రెండేళ్లలో పిల్లల తెలివి ఇంతలా తగ్గిపోయిందని ఎవరైనా నమ్ముతారా?

పాత లెక్కలు ఇప్పుడెందుకు తవ్వుతున్నారని అనొచ్చు. పోస్టల్ శాఖలో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగాలున్నాయి. పక్క ఊరి బ్రాంచి పోస్టాఫీసులో కూర్చునే కొలువు. పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, అది చిన్న విషయం కాదు. దానికి రాత పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి మార్కులే మెరిట్. 2021 బ్యాచు, 2023 బ్యాచు ఒకే లైన్లో నిలబడతాయి అక్కడ. కష్టపడి పరీక్ష రాసిన పిల్ల వెనకబడుతుంది. బాసర ట్రిపుల్ ఐటీ సీట్లకూ పదో తరగతే ఆధారం.

ఇంత చెప్పి, ఇంటర్నల్స్ ఉండాలనే అంటున్నాను.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇంటర్నల్స్‌తో ఎవరూ గట్టెక్కరు. రాత పరీక్షలో 80కి 28 తెచ్చుకోవాల్సిందే (హిందీకి 16). ఇరవైకి ఇరవై వేసినా, రాతలో 27 వస్తే ఆ పిల్లవాడు ఫెయిలే. కాబట్టి 'మార్కులు పంచి పాస్ చేస్తున్నారు' అన్న మాటలో పస లేదు. దొంగ మార్కుల దెబ్బ పడేది పై వరసలో, సీట్లకూ ఉద్యోగాలకూ పోటీ పడే చోట. అక్కడి జబ్బుకు అక్కడే మందు వేయాలి.

ఆ ఇరవై మార్కులు సరిగ్గా వాడితే ఏమవుతుందో ఒక్కటి చెప్తాను. మా ప్రాంతంలో దసరా దాటిందంటే పత్తి ఏరే రోజులు. హాజరు పట్టీలో సగం గైర్హాజరే. నిరుడు ఒక అమ్మాయి అలాగే వారాల తరబడి రాలేదు. నీటి వనరుల పాఠానికి ప్రాజెక్టుగా 'మా ఊరి బోర్లు' ఇచ్చాను. ఆ పిల్ల పత్తి చేలల్లో తిరుగుతూనే పని కానిచ్చింది. రఫ్ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి గడులు వేసింది. ఎవరి బోరు, ఏ సంవత్సరం వేశారు, ఎన్ని ఫీట్లు, నీళ్లు పడ్డాయా లేదా, ఖర్చెంత. నీళ్లు పడని వాటికి ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు. ఒకే రైతు పేరు మీద వరసగా నాలుగు ఇంటూలున్నాయి. నోట్‌బుక్ నా ముందు పెట్టి, "మేడం, పడని బోర్లు గూడ లెక్కల రాయాల్నా? మా నాయిన ఏసినవన్నీ గవే" అంది.

పాత బోర్లు ఎంత లోతుకు వేశారో, కొత్తవి ఎంత లోతుకు పోతున్నాయో ఆ గడుల్లో చదువుకుంటే భూగర్భ జలాల పాఠం మొత్తం అందులోనే ఉంది. ఆ అమ్మాయికి పబ్లిక్‌లో సగానికి కాస్త పైనే వచ్చాయి. మూడు గంటల పేపరులో ఆ నోట్‌బుక్‌కు చోటెక్కడ? ఇంటర్నల్స్ తీసేస్తే, వచ్చే ఏడాది నేను ఆ ప్రాజెక్టు ఇచ్చినా ఎవరూ చేయరు. నన్నూ ఇవ్వనివ్వరు. సిలబస్ పూర్తి చేసి స్లిప్ టెస్టులు పెట్టమంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనే ఇంటర్నల్స్ తీసేసి పేపరు వందకు పెట్టారు. ఆ తర్వాత రెండేళ్లు కరోనాతో పరీక్షలే జరగలేదు. తీరా 2022లో జరిగితే ఉత్తీర్ణత 67.26 శాతం. దానికి బడులు మూతపడడమే అసలు కారణం కావచ్చు, ఇంటర్నల్స్ మీదికి నెట్టలేను. సీబీఎస్ఈ మాత్రం ఇరవై మార్కులు ఉంచుకునే నడుపుతోంది.

ఇక మా దగ్గర తనిఖీ ఎలా జరుగుతుందో చూడండి. పబ్లిక్ పరీక్షల ముందు ఒక హెచ్ఎం, ఇద్దరు టీచర్లు వస్తారు. రికార్డులున్నాయా, నాలుగు ఎఫ్ఏల సగటు సరిగ్గా వేశారా, సంతకాలున్నాయా చూస్తారు. టీ తాగి, రిజిస్టరులో రాసి వెళ్తారు. వాళ్ల తప్పేం లేదు, ఒక్క పూటలో అంతకంటే చేయలేరు. కాగితం ఉందా అని చూస్తున్నారు, అది పిల్లవాడు చేసిందేనా అని చూసే వీలు లేదు. తరగతిలోకి వెళ్లి ఐదుగురు పిల్లల పేర్లు వాళ్లకు నచ్చినట్టు పిలిచి, 'నీ ప్రాజెక్టు ఏంటి బిడ్డా, చెప్పు' అని అడిగితే సగం బండారం అక్కడే బయటపడుతుంది.

మిగతా సగం ప్రభుత్వ పరీక్షల విభాగం దగ్గరే ఉంది. ప్రతి బడికీ 80కి వచ్చిన సగటు, 20కి వచ్చిన సగటు రెండూ వాళ్ల కంప్యూటర్లలో ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూడాలి. రాతలో సగటు 35 ఉండి, ఇంటర్నల్స్‌లో అందరికీ ఇరవై వేసిన బడి ఏదైనా సరే, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, మాదైనా, పిలిచి లెక్క అడగాలి. సరైన జవాబు రాకపోతే ఆ బడి ఇంటర్నల్ మార్కులను రాత మార్కుల దామాషాకు తగ్గించాలి. తగ్గిస్తారన్న మాట ముందే చెప్తే చాలు, చాలా బడులు దారికొస్తాయి. బడుల వారీగా ఆ రెండు సగటులూ ఫలితాల రోజే వెబ్‌సైట్‌లో పెడితే తల్లిదండ్రులూ చూసుకుంటారు.

అలాగే పేపరు ఎన్ని మార్కులకో జూన్‌లో బడి తెరిచే రోజుకే చెప్పాలి. ఆ తర్వాత ఏ మార్పు తోచినా వచ్చే ఏడాది పిల్లలకే వర్తింపజేయాలి. సగటుల పోలికకు కొత్త చట్టం అక్కర్లేదు. 2025 మార్కులు వాళ్ల దగ్గరున్నాయి కాబట్టి ముందుగా మా నాగర్‌కర్నూల్ జిల్లాతోనే మొదలుపెట్టి చూడమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్కూల్ అసిస్టెంట్ (సోషల్),
నాగర్‌కర్నూల్ జిల్లా