ఆ ముద్దులో ఆమె ఇష్టం ఉందా?

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక ఫొటో స్టూడియోలో, ప్రీవెడ్డింగ్ జంటలకు చూపించే పోజుల్లో ఒక నావికుడు తెల్లగౌను అమ్మాయిని ముద్దుపెట్టుకునే ఫొటో ఉంది. 1945 ఆగస్టు 14న న్యూయార్క్ నగరంలోని టైమ్స్ స్క్వేర్‌లో ఫొటోగ్రాఫర్ ఐసెన్‌స్టాట్ తీసినది. ఆ అమ్మాయి తానేనని చెప్పిన గ్రేటా ఫ్రీడ్‌మన్ అప్పట్లో పళ్ల డాక్టర్ దగ్గర పనిచేసేవారు. ఎవరో తెలియని మనిషి వచ్చి పట్టేసుకున్నాడని, ముద్దు తన ఇష్టంతో జరగలేదని 2005లో చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన సంబరమే తప్ప ప్రేమ కాదని కూడా అన్నారు. ఫొటో జాగ్రత్తగా చూడండి, ఆమె మెడ అతని మోచేతి వంపులో బిగుసుకుపోయి ఉంటుంది. దీన్ని ప్రేమ అని పెళ్లికూతుళ్లకు చూపించడం నాకు బాధగా ఉంది. ఫొటోగ్రాఫర్లు ఏ పోజైనా ముందు అమ్మాయిని అడగాలి, అదీ పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు.

- ఒక పాఠకురాలు, నల్లగొండ